సెల్ఫ్ మోటారు గారి దివ్యసముఖానికి

మహారాజరాజశ్రీ సెల్ఫ్ మోటారు గారికి, ఈ పాత పికప్ బండికి యజమాని అనిపించుకుంటున్న నేను నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ అంతా క్షేమం. మీరు కూడా ఇంజన్ పక్కన, ఆయిలు జిడ్డులో, చల్లగా పడుకుని ఉన్నారని తలుస్తాను. పడుకోవడం మీకు చాలా బాగా వచ్చు.

ముందు మీ పేరు సంగతి. సెల్ఫ్ అంటే స్వయంగా అని అర్థమట. తాళం తిప్పితే చాలు, ఇంకొకరి సాయం లేకుండా ఇంజన్‌ని లేపుతారని మీకా పేరు పెట్టారు. మా ఊళ్ళో మాత్రం అయిదుగురు వెనకనుంచి తోస్తే, ఆరోవాడు పక్కన నిలబడి "గేర్లో ఎయ్యండి, గేర్లో ఎయ్యండి" అని అరిస్తే లేచిన రోజులే ఎక్కువ. ఆ ఆరోవాడు ఎప్పుడూ బండి మీద చెయ్యి వెయ్యడు. అయినా టీ మాత్రం అందరికంటే ముందు తాగుతాడు.

తమరికి తెలియనిది కాదు, మాది కోనసీమ. గౌతమికీ వశిష్ఠకీ మధ్యన అరిటాకు పరిచినట్టుండే నేల. కొండ ఎక్కడో కనపడాలంటే బస్సెక్కాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర, కాలవల్లో నీళ్ళు పారడానికి ఎంత వాలు కావాలో లెక్కగట్టాడు గానీ, సెల్ఫ్ చచ్చిన బండి కదలడానికి ఎంత వాలు కావాలో ఆలోచించినట్టు లేదు. మా ప్రాంతంలో పల్లం అంటే ఏటిగట్టు దిగే దారి, కాలవ మీద వంతెన దిగే దారి, అంతే. అందుకని ఏడాదిన్నరగా రాత్రిపూట బండిని ఇంట్లో పెట్టడం మానేశాను. ఏటిగట్టు మీద ముక్కు కిందకి పెట్టి, ముందు చక్రానికి రాయి అడ్డం వేసి వస్తున్నాను. పొద్దున్నే రాయి తీసి, దొర్లించి, రెండో గేర్లో క్లచ్ వదిలితే బండి దగ్గుతూ లేస్తుంది. ఇంట్లో షెడ్డు ఉంది. అందులో కోళ్ళు కాపురం పెట్టాయి.

నది దాటించే పంటు మీద మీరు చేసిన మర్యాద మాత్రం మర్చిపోలేను. కొబ్బరికాయలు దింపించి, ఒలిపించి, వెయ్యి కాయల లోడుతో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను. ఎక్కేటప్పుడు ఇంజన్ నడుస్తోంది. నది మధ్యలో డీజిలు దండగ అని ఆపాను, అదే నా తప్పు. నరసాపురం వైపు రేవు వచ్చింది, తలుపు దించారు, తాళం తిప్పాను. "టక్" అన్నారు. మళ్ళీ తిప్పాను. "టక్". మూడోసారి "టకటకటకటక" అని పళ్ళు కొరికారు. నా వెనకాల ఇరవై మోటారు సైకిళ్ళు, రెండు ఆటోలు, పెళ్ళివారి కారు ఒకటి. పంటు దిగే దారేమో రేవు మీదకి ఎత్తుగా ఉంది. పల్లం కావాల్సినవాడికి ఎత్తు ఇచ్చారు దేవుడు గారు. అందరూ హారన్లు కొడుతుంటే వెనక కూర్చున్న ఒక పెద్దావిడ "బాబూ, నీ బండికి దిష్టి తగిలింది, ఓ కాయ తిప్పి కొట్టు" అంది. నా దగ్గర వెయ్యి ఉన్నాయి. కొట్టాను కూడా. చివరికి ట్రాక్టరువాడు మోకు కట్టి లాగాడు, వంద రూపాయలు, పాతిక కాయలు పుచ్చుకున్నాడు.

ఆ తర్వాత మీకు చేయించిన వైద్యం గురించి మీకే చెప్పడం బాగోదు గానీ, లెక్క ఉండాలి కాబట్టి రాస్తున్నాను. బ్యాటరీ కొట్టాయన చూసి "బ్యాటరీ పోయిందండి" అన్నాడు. కొత్తది కొన్నాను. సెల్ఫ్ మేస్త్రీ మిమ్మల్ని విప్పి "బ్రష్షులు అరిగాయి, బుష్షులు లూజు" అన్నాడు. మార్పించాను. మళ్ళీ "టక్". సోలినాయిడ్‌లో రాగి బిళ్ళలు కాలిపోయాయన్నాడు. కొత్త సోలినాయిడ్. నాలుగు రోజులు లేచి అయిదో రోజు మళ్ళీ "టక్". తాళం స్విచ్చి మార్చాం. ఇంకొకాయన ఆర్మేచర్ వైండింగ్ చేయించమన్నాడు. ఒక్కో మేస్త్రీకీ ఒక్కో అనుమానం, ప్రతి అనుమానానికీ ఒక బిల్లు. ఇంతమందిలో ఒక్కరు కూడా మీటరు తీసి కొలవలేదు. కొలవమని నేనూ అడగలేదు లెండి.

మీ వంశం గొప్పదే, కాదనను. మీరు పుట్టకముందు బంపరు మధ్య కన్నంలో హ్యాండిల్ పెట్టి తిప్పేవారు. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. అందుకే బొటనవేలు కడ్డీ చుట్టూ తిప్పకుండా, మిగతా వేళ్ళ పక్కనే ఉంచి పట్టుకోవాలని మా తాతగారు చెప్పేవారు. 1912లో అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కాడిలాక్ కార్లకి మిమ్మల్ని అమర్చాడు. రోజంతా తిరిగే మోటారైతే పెద్ద ఒళ్ళు కావాలి, కొద్ది సెకన్లు మాత్రమే కష్టపడే మోటారుకి చిన్న ఒళ్ళు చాలు, అదీ కిటుకు. అంటే పది సెకన్లు పని, ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలు చల్లబడే విశ్రాంతి అన్నది మీ నియామకపు ఉత్తర్వులోనే ఉంది. ఇంత సుఖమైన ఉద్యోగం ఏ ఆఫీసులోనూ లేదు. మా బండికి తాతగారి రోజుల్లో పెట్రోలు ఇంజన్ ఉండేది, తర్వాత డీజిల్ ఇంజన్ ఎక్కించారు. ఇంత పెద్ద డీజిల్ ఇంజన్ లోపలి ఒత్తిడికి హ్యాండిల్ తిప్పడం మనిషి వల్ల అయ్యే పని కాదు. హ్యాండిల్ అటకెక్కింది. ఆ రోజు నుంచీ మీ దయే మాకు దిక్కు.

మొన్న మా మేనల్లుడు వచ్చాడు. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. చేతిలో మల్టీమీటరు ఉంది, మొహంలో వినయం లేదు. రాత్రి ఏడింటికి హెడ్‌లైట్లు వేయించి సెల్ఫ్ కొట్టమన్నాడు. "టక్" అంది, లైట్లు మాత్రం కొంచెం కూడా తగ్గలేదు. "మావయ్యా, బ్యాటరీ నీరసపడితే లైట్లు చచ్చిపోవాలండి. ఇవి దీపావళిలా వెలుగుతున్నాయి. కరెంటు అసలు మోటారుకి పూర్తిగా వెళ్ళడం లేదు" అన్నాడు. బ్యాటరీ మీద మీటరు పెట్టాడు, 12.6 వోల్టులు. సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా 12కి తగ్గలేదు. తర్వాత మీటరు ఒక తీగని బ్యాటరీ మైనస్ మీద, రెండోదాన్ని ఇంజన్ బోల్టు మీద ఆనించి మళ్ళీ కొట్టమన్నాడు. అక్కడ 0.2 దాటకూడదట. 4 వోల్టులు పైన చూపించింది. నాకేమీ అర్థం కాలేదు.

"డాష్‌బోర్డు దగ్గర లాగి ఇంజన్ ఆపే ఇనప తీగ ఉంది కదండీ, దాని మీద చెయ్యెట్టి చూడండి" అన్నాడు. పెట్టాను. అబ్బా! బొబ్బ ఎక్కింది.

సంగతేమిటంటే, బ్యాటరీ నుంచి మీ దగ్గరికి వచ్చిన కరెంటు తిరిగి వెళ్ళడానికి ఇంజన్‌కీ ఛాసిస్‌కీ, అంటే బండి ఇనప చట్రానికీ, మధ్య ఒక రాగి అల్లిక పట్టీ ఉంటుంది. ఎర్త్ పట్టీ. అది పట్టు తప్పితే, మీ అవసరమేమో రెండు వందల యాంపియర్లు, ఆ పాపిష్టి కరెంటు దారి వెతుక్కుని ఇంజన్ ఆపే సన్న తీగలోంచి డాష్‌బోర్డు మీదుగా పారుతోంది. అంటే సెల్ఫ్ గారూ, ఏడాదిన్నరగా మిమ్మల్ని తిరగమని ప్రాణం పోస్తున్నది బండిని ఆపడానికి పెట్టిన తీగ! ఈ మాట విని మా ఆవిడ చాలాసేపు నవ్వింది. ఎందుకు నవ్విందో నేను అడగలేదు.

పట్టీ విప్పి చూస్తే దాని కింద మెరిసిపోతూ నీలం రంగు. ఇక్కడే నా గొంతు కొంచెం తగ్గుతుంది. కిందటేడు కాదు, ఆపై ఏడు, సంక్రాంతికి కోళ్ళ పందేల బరికి బండి వేసుకెళ్ళాలని ఇంజన్ దింపించి, ఛాసిస్‌కి రెండు పూతల రంగు వేయించింది నేనే. రంగాయన చేసిన పనిలో తప్పులేదు, బోల్టు కన్నాలు కూడా వదలకుండా శ్రద్ధగా వేశాడు. ఆ రంగు మీదే పట్టీ బిగించారు. బోల్టు మరలు పట్టుకున్నచోట కాస్త కరెంటు పోయేది, ఉప్పు గాలికి అక్కడ కూడా చిలుం పట్టింది. మేనల్లుడు ఉప్పుకాగితం పెట్టి ఇనుము తెల్లబడేదాకా గీకాడు, కొత్త పట్టీ వేశాడు, పైన వ్యాజలీన్ రాశాడు. పట్టీ ఖరీదు రెండొందల ఏభై. దాని ముందు మీ మీద పెట్టింది ఎంతో రాస్తే ఈ కాగితం మా ఆవిడ కళ్ళపడొచ్చు.

తాళం తిప్పితే లైట్లు ఒక్కసారి మసకబారాయి, మీటరు 10.4కి పడింది, ఇంజన్ "బుర్ర్" మని లేచింది. బ్యాటరీ తగ్గినందుకు సంతోషించింది ఆ ఒక్కరోజే.

కాబట్టి మిమ్మల్ని అన్న మాటల్లో మూడొంతులు వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగో వంతు ఉంచుకుంటున్నాను. ఎందుకంటారా? ఇప్పటికీ పది పదిహేను రోజులకోసారి పొద్దున్నే "గర్ర్ర్" మని రంపం పెట్టి కోసినట్టు అరుస్తున్నారు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడల్లా ఫ్లైవీల్, అంటే మీరు పళ్ళు కలిపి తిప్పే పెద్ద చక్రం, దాదాపు ఆ రెండు చోట్లలోనే ఆగుతుందట, రింగు పళ్ళు అక్కడే అరుగుతాయట. టాప్ గేర్లో వేసి బండిని ఒక అడుగు ఊపితే పళ్ళు మారి పట్టుకుంటున్నాయి. పళ్ళు అరిగింది మీ వల్లో, ఫ్లైవీల్ వల్లో తేలేలోపు నేను ఇంకో మేస్త్రీ దగ్గరికి వెళ్ళదలచుకోలేదు.

నిన్న పొద్దున్న గట్టు కింద కుర్రాళ్ళు ఆరుగురూ టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. బండి తనంతట తానే లేవడం చూసి మొహాలు వేలాడేశారు. "ఏవండీ, రేపైనా తొయ్యాలాండి?" అని అడిగాడు ఆరోవాడు. వాళ్ళకి టీ చెప్పాను.

రాత్రికి షెడ్డు తలుపు తీశాను, కోళ్ళు లేవలేదు. బండి తీసుకెళ్ళి గట్టు మీదే పెట్టి, చక్రం కింద రాయి వేసి వచ్చాను.

ఇట్లు,
మీ పికప్ వారు