వాళ్ళ బడికి వేసిన ప్రశ్నలే మన బడికీ

ఈ ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాల దగ్గర మంచి మాటే మొదలైంది. వారాంతపు తెలుగు క్లాసులు చాలడం లేదు, వర్జీనియాలోని మన లౌడన్ కౌంటీలో తెలుగు నేర్పే చార్టర్ స్కూల్ (ప్రజల డబ్బుతో, సొంత నిర్వాహకుల చేతుల్లో నడిచే బడి) ఒకటి పెట్టించుకుందాం అని. అందరికీ నచ్చింది. ఇక్కడి టర్కిష్ అమెరికన్లు అలాంటి బడికే దరఖాస్తు పెడితే 2013లో స్కూల్ బోర్డు కాదన్న సంగతి నేను గుర్తు చేశాను. సంఘంలో అందరూ గౌరవించే పెద్దాయన ఒకరు, "వాళ్ళతో మనకి పోలికేంటమ్మా? వాళ్ళు ముస్లింలు. ఆ బడి రాకపోవడమే మంచిదైంది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలూపారు. ఆయన మాటకన్నా ఆ తలూపడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈమధ్య యాష్‌బర్న్, ఆల్డీ వైపు ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళకు తెలియకపోవచ్చు. టర్కిష్ అమెరికన్లు కొందరు లౌడన్ మ్యాథ్ అండ్ ఐటీ అకాడమీ పేరుతో చార్టర్ స్కూల్‌కి దరఖాస్తు పెట్టారు. వర్జీనియాలో అనుమతి ఇవ్వాల్సింది స్థానిక స్కూల్ బోర్డే కాబట్టి వాదనంతా ఇక్కడే జరిగింది. దరఖాస్తులో లోపాలున్నాయన్నారు కొందరు. అప్పట్లో పెన్సిల్వేనియాలో ఉన్న టర్కీ మతగురువు ఫెతుల్లా గులెన్ (2024లో చనిపోయారు) ఉద్యమంతో సంబంధం ఉందన్నారు ఇంకొందరు. నిర్వాహకులు లేదన్నారు. ఇది మతద్వేషం అన్న మాటా వచ్చింది. చివరికి 2013లో బోర్డు కాదంది.

డబ్బు ప్రజలది. ట్రస్టీలు ఎవరు, కాంట్రాక్టులు ఎవరికి వెళ్తాయి, టీచర్లను ఎలా ఎంచుతారు అని నిలదీయాల్సిందే. అలా అడిగిన ప్రతివాళ్ళమీదా మతద్వేషి అని ముద్ర వేయడం అన్యాయం. ఓక్లహోమాలో సెయింట్ ఇసిడోర్ అనే కాథలిక్ ఆన్‌లైన్ బడికి 2023లో చార్టర్ ఇస్తే, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2024లో కొట్టేసింది. 2025లో అమెరికా సుప్రీంకోర్టు 4-4గా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. అక్కడ మతం నేర్పుతామని బడివాళ్ళే చెప్పారు, వాదన ఆ మాటమీద జరిగింది. లెక్కలు, కంప్యూటర్లు నేర్పుతామన్నవాళ్ళని మాత్రం వాళ్ళ మతాన్ని బట్టి అనుమానించడం వేరే సంగతి.

నేను గుంటూరులో సిస్టర్ల కాన్వెంటులో చదువుకున్నాను. పొద్దున్నే ప్రేయర్, క్రిస్మస్‌కి ముందు పశువుల పాక కట్టడం, అన్నీ చేశాం. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అమ్మ పెట్టిన దీపానికి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఎవరో చుట్టాలావిడ "పిల్లని మార్చేస్తారేమో" అంటే, "చదువు బాగా చెబుతున్నారు కదా పిన్నీ" అని అమ్మ అక్కడితో ఆపేసింది. మా ఊళ్ళో సగంమంది డాక్టర్లూ ఇంజినీర్లూ అలాంటి బళ్ళలోంచి వచ్చినవాళ్ళే. అద్దె ఇంటికి వెళ్తే గుమ్మంలోనే "మీరేవిట్లు?" అని అడిగిందీ ఆ ఊరే. విమానం ఎక్కేటప్పుడు ఆ రెండు అలవాట్లలో అమ్మది వదిలేసి ఇంటి ఓనరుది మాత్రం ఎందుకు తెచ్చుకున్నాం?

రేపు మన దరఖాస్తు బోర్డు ముందుకు వెళ్తుంది అనుకుందాం. మా వారాంతపు క్లాసు "సరస్వతీ నమస్తుభ్యం"తో మొదలవుతుంది. ప్రజల డబ్బుతో నడిచే బడిలో అది కుదరదు, కుదరకూడదు కూడా. న్యూజెర్సీ ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో 2010 నుంచి నడుస్తున్న హతిక్వా అనే చార్టర్ స్కూల్ హీబ్రూ భాష నేర్పుతుంది, మతం జోలికి పోదు. మనమూ తెలుగుని అలా నేర్పగలం. అయినా ఎవరో ఒకరు మైకు దగ్గరికి వచ్చి, ఈ బడి వెనక ఏ గుడి ఉంది అని అడుగుతారు. కాగితాలు చూపించి జవాబు చెబుతాం. "వీళ్ళు హిందువులు, అదే చాలు" అని ఇంకొకరంటే, హాల్లో ఎవరైనా లేచి మన తరఫున మాట్లాడాలని కోరుకోమా?

కార్యవర్గానికి నా విన్నపం ఇది. తెలుగు బడి ప్రతిపాదన రాసేముందు, అప్పటి దరఖాస్తు పెట్టినవాళ్ళలో కొందరిని మన సమావేశానికి పిలవండి. బోర్డు ఏం అడిగిందో, ఎక్కడ తడబడ్డారో వాళ్ళనే చెప్పమనండి. ఆ పెద్దాయన్ని కూడా రమ్మనండి. నేనే వెళ్ళి కారులో తీసుకొస్తాను.