ఎడమవైపు వెళ్లొద్దు

ఒకే చోటికి బృందం వెనక బృందం వెళ్లడం, ఎవరూ తిరిగి రాకపోవడం, అయినా ఆఫీసువాళ్లు ఇంకో బృందానికి సామాను సర్దించడం. సైన్స్ ఫిక్షన్ మిస్టరీల్లో ఇదో జాతి. ఆ జాతి షార్ట్ ఫిల్మొకటి భీమిలి దగ్గర, గాడులు పడ్డ ఎర్ర ఇసుక గుట్టలు, ఎర్రమట్టి దిబ్బల్లో తీద్దామని మా వైజాగ్ యూనిట్ బయల్దేరింది. అనుమతులు, కెమెరా అద్దె, టిఫిన్లు, అన్నీ ఎలాగో అయ్యాయి. మొన్న ఆదివారం భీమిలి రోడ్డు మీద వ్యాను దిగారు. పదకొండయ్యేసరికి నిజంగానే తప్పిపోయారు.

ఈ రకం కథకి ప్రాణం దెయ్యమూ కాదు, గ్రహాంతరవాసీ కాదు. ముందు వెళ్లినవాళ్లు వదిలేసిన నోట్‌బుక్కు. దీనికి మూలం చరిత్రలోనే ఉంది. 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ రెండు ఓడలతో ఆర్కిటిక్‌లోకి వెళ్లి, తనతో కలిపి 129 మందీ మాయమైపోయారు. వెతకడానికి వరసపెట్టి ఓడల్ని పంపారు. వెతకబోయిన ఇన్వెస్టిగేటర్ అనే ఓడ కూడా మంచులో ఇరుక్కుంది, 1853లో దాన్నీ అక్కడే వదిలేశారు. చివరికి 1859లో ఒక రాళ్లగుట్టలో ఒక కాయితం దొరికింది. 1847 మే నెలలో అందులో ‘అంతా క్షేమం’ అని రాశారు. 1848 ఏప్రిల్లో అదే కాయితం అంచుల వెంబడి, ఫ్రాంక్లిన్ పోయాడనీ, ఓడలు వదిలేసి నడిచిపోతున్నామనీ రాశారు. పైగా మొదటి చలికాలం గడిపిన సంవత్సరం తప్పు వేశారు. ఇలాంటి వివరం కల్పించి రాస్తే ఎడిటర్ కొట్టేస్తాడు.

మా ఆర్ట్ డైరెక్టర్ ఆ కాయితం ఫొటో చూసి మోజుపడ్డాడు. నోట్‌బుక్కు పాతబడినట్టు కనిపించాలంటే ముందు బాల్‌పెన్నుతో రాసుకోవాలి, జెల్ పెన్నయితే తడి తగలగానే అలుక్కుపోతుంది. లీటరు నీళ్లలో ఆరేడు చెంచాల డస్ట్ టీపొడి పది నిమిషాలు మరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లారాక బ్రష్షుతో పూయాలి. వేడిమీద పూస్తే కాయితం ఉబ్బి కుట్టు ఊడుతుంది. పేజీ పేజీకీ మధ్య గుడ్డముక్క పెట్టి నీడన ఆరబెట్టాలి. మిగిలిన డికాక్షన్లో పాత పంచె పీలికలు ముంచి, పాత బృందాల దారిగుర్తులన్నట్టు జీడిమామిడి కొమ్మలకి కట్టాడు. స్క్రిప్టు ప్రకారం పాత్రలు తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే రావాలి కాబట్టి గుర్తులు కూడా గుండ్రంగానే కట్టాడు. పనిమంతుడు.

రిహార్సల్‌కని ఇద్దరు ఆర్టిస్టులు ఆ పీలికల వెంట వెళ్లారు, రాలేదు. వాళ్లకోసం ఇద్దరు అసిస్టెంట్ డైరెక్టర్లు వెళ్లారు. వాళ్లకి ఆర్టిస్టులు కనబడలేదు గానీ ఒక మలుపులో ఇసుక మీద నోట్‌బుక్కు కనబడింది. తెరిచి ఉన్న పేజీలో ఒకటే వాక్యం: ‘ఎడమవైపు వెళ్లొద్దు.’

చిన్న అసిస్టెంటు ఆగిపోయాడు. “అన్నా, ఇది స్క్రిప్టులో ఉన్నదేనా?”

“స్క్రిప్టులో ‘కుడివైపు వెళ్లొద్దు’ అని ఉంది. టైపు చేసింది నేనే.”

“మరైతే ఇది మనకోసం రాశారా?”

“ఆర్ట్‌వాళ్లు మార్చుంటారు.”

“మారిస్తే కంటిన్యుటీ షీట్‌లో ఎక్కించాలి కదా.”

షాటుకీ షాటుకీ తేడా రాకుండా రాసుకునే ఆ షీటు ప్రొడక్షన్ మేనేజర్ సంచిలో ఉంది. ఆయన రోడ్డు మీద, వ్యానులో, ఏసీలో ఉన్నాడు. ‘లొకేషన్ పెట్టాను, చూసుకోండి’ అని పొద్దున్నే గ్రూపులో మెసేజీ కొట్టాడు. వాట్సాప్ లైవ్ లొకేషన్‌కి పదిహేను నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు అని మూడు గడువులుంటాయి. షూటింగ్ రోజంతా ఉంటుందని తెలిసిన పెద్దమనిషి పదిహేను నిమిషాలు నొక్కాడు. బ్యాటరీ పొదుపట. యూనిట్‌కున్న ఒక్క పవర్ బ్యాంకూ ఆయన ఒళ్లోనే ఉంది.

ఇక్కడ పెద్ద అసిస్టెంటుకి అసలు సందేహం వచ్చింది. ఎడమ అంటే ఎవరి ఎడమ? కెమెరా ఎడమా, ఆర్టిస్టు ఎడమా? కెమెరా ఎదురుగా నిలబడ్డవాడికి కెమెరా ఎడమ తన కుడిచేయి అవుతుంది. ఆర్ట్‌వాళ్లు అలవాటుకొద్దీ కెమెరా ఎడమే రాస్తారు. అసలు కెమెరా ఎక్కడ పెడతారో తెలిస్తేగా? కాసేపు చిన్నవాణ్ని కెమెరా అనుకున్నారు, కాసేపు పెద్దవాణ్ని. ఎవరు కెమెరా అయితే వాళ్ల పక్షాన వాక్యం అర్థం మారిపోతోంది. చివరికి కుడికే ఖాయం చేసుకుని, వెనక వచ్చేవాళ్లకి తెలియాలని ఆ పేజీ అంచునే రాశారు: ‘మేము కుడికి. 12.40. బిర్యానీ ఉంచండి.’ జెల్ పెన్నుతో.

మేనేజర్ ఇంకో ఇద్దరిని ఆటోలో రప్పించి లోపలికి తోలాడు. వాళ్లకి పీలికలు దొరికాయి.

ఫోను తన చోటు తేల్చుకోవాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. నిలువు గోడల మధ్య లోతు గాడిలో ఆకాశం కాస్తే కనబడుతుంది, వచ్చే సంకేతాలు కూడా గోడలకి తగిలి వస్తాయి. మ్యాపులో వాళ్ల నీలిచుక్క సముద్రంలో తేలుతోంది. గట్టెక్కి చూద్దామంటే అది భూవారసత్వ స్థలం, నేల చరిత్ర కోసం కాపాడే చోటు, పైగా కాలు పెడితే ఇసుక విరిగి జారుతుంది. డ్రోన్ మాట నేవీ ఉన్న ఊళ్లో ఎత్తకూడదు.

ఆ గాడులన్నీ వాననీరు కోసినవి. నీటికి ఎదురు నడిస్తే ప్రతి మలుపులోనూ గాడి రెండుగా చీలుతుంది, ప్రతిచోటా ఎడమా కుడీ తేల్చుకోవాలి. నీటి వాలున దిగితే గాడులు ఒకదాంట్లో ఒకటి కలుస్తూ పోతాయి, తేల్చుకునే పనే లేదు. డైరెక్టర్‌కి ఎత్తు నుంచి షాట్ కావాలి కనక పీలికలు ముందు పైకి ఎక్కించి, అక్కణ్నించి గుండ్రంగా తిప్పుతున్నాయి.

ఈ సంగతి మేకలు తోలుకొచ్చిన తాత ఒక్క ముక్కలో తేల్చేశాడు. “ఏటి బాబూ, ఆ పీలికలట్టుకుని పొద్దున్నుంచీ ఇక్కడే తిరగతన్నారు? నీరెటెల్తే అటెల్లండి, గెడ్డలో పడతారు.” మూడు బృందాలూ ఆయన మేకల వెనక వరసగా గెడ్డలోకి, అంటే వాగులోకి, దిగి, బీచ్ రోడ్డెక్కాయి.

ఆర్ట్ డైరెక్టర్ ఎవర్నీ పలకరించలేదు. నోట్‌బుక్కు తెరిచి, ఆ అంచు చూసి, “జెల్ పెన్నా?” అన్నాడు. ఆ పేజీ మళ్లీ రాయాలి, మళ్లీ టీపొడి కొనాలి. మేనేజర్ పాత టీపొడి డబ్బులే ఇంకా ఇవ్వలేదు, కిరాణా కొట్టువాడు బిల్లివ్వలేదట. గాలింపు బృందం ఆటో ఛార్జీ మాత్రం అప్పటికప్పుడు పాసు చేశాడు. ఆ ఆటోలో వచ్చినవాళ్లని కూడా బయటికి తెచ్చింది మేకల తాతే కదండీ అంటే, “ఆయన బిల్లు పెట్టలేదుగా” అన్నాడు.