‘వివక్ష’లో ‘వి’ ఉపసర్గ కాదు

కుల వివక్ష, లింగ వివక్ష, వర్ణ వివక్ష... వార్తల్లో రోజూ నలిగే ఈ మాటను విభేదం, విభజనల సరసన పెట్టి, ‘వి’ని ఉపసర్గ (మాట ముందు చేరి అర్థాన్ని మార్చే ముక్క) అనుకునేవారు చాలామంది. నిజానికి ఇది ‘వచ్’ (పలుకు) ధాతువుకు కోరికను తెలిపే ‘సన్’ ప్రత్యయం చేరి ఏర్పడింది. సన్ చేరితే ధాతువు మొదటి అక్షరం రెట్టిస్తుంది. ముందున్న ‘వ’ కాస్తా ‘వి’ అవుతుంది. చకారం కకారమై, వెనకాలి సకారంతో కలిసి ‘క్ష’గా మారుతుంది. ‘పా’ నుంచి పిపాస, ‘జ్ఞా’ నుంచి జిజ్ఞాస వచ్చిన దారే ఇదీ. కనుక వివక్ష అంటే చెప్పాలన్న కోరిక, వక్త ఉద్దేశం.

కారకాలు, అంటే వాక్యంలో క్రియతో పదాలకుండే కర్త, సాధనం లాంటి సంబంధాలు, వక్త వివక్షను బట్టి ఉంటాయని సంస్కృత వ్యాకరణం చెబుతుంది. ‘కత్తితో కోశాడు’ అంటే కత్తి సాధనం. ‘ఈ కత్తి బాగా కోస్తుంది’ అంటే అదే కత్తి కర్త. దేన్ని లెక్కలోకి తీసుకోవాలో తేల్చేది మాట్లాడేవాడే. తెలుగులో ‘తేడా పాటించడం’ అనే అర్థం ఈ లెక్కలోకి తీసుకోవడం నుంచే వచ్చిందనిపిస్తుంది. ఇదే భావానికి కన్నడం ‘తారతమ్య’ను ఎంచుకుంది. ‘తర’, ‘తమ’ ప్రత్యయాలతో కట్టిన మాట కాబట్టి అందులో ఎక్కువ తక్కువల మెట్లు పైకే కనిపిస్తాయి. ఆ ఎంపికే పదునైనది.

‘వివక్షత’ మాత్రం పొరపాటే. ‘సమాన’కు ‘త’ చేరిస్తే సమానత అవుతుంది, వివక్షకు ఆ అవసరం లేదు, అది అప్పటికే భావనామం. విచక్షణతో కలగలిపేయడం ఇంకో చిక్కు. ‘చక్ష్’ ధాతువు నుంచి వచ్చిన ఆ మాటలో ‘వి’ నిజంగానే ఉపసర్గ. ‘విచక్షణారహితంగా కొట్టారు’ అనాల్సిన చోట ‘వివక్షారహితంగా’ అని రాస్తే, పక్షపాతం చూపకుండా అందరికీ సమంగా వడ్డించారని అర్థం!

రాజ్యాంగం 15వ అధికరణ తేడా చూపడాన్నంతా నిషేధించలేదు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా మాత్రమే రాజ్యం పౌరుల మధ్య వివక్ష చూపరాదంది. మహిళలకు, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లను అదే అధికరణ అనుమతించింది. సైన్యంలో మహిళా అధికారుల శాశ్వత కమిషన్ (పదవీ విరమణ వయసు దాకా కొనసాగే ఉద్యోగం) కేసులో 2021లో సుప్రీంకోర్టు పరోక్ష వివక్షనూ గుర్తించింది. పురుషులకు సర్వీసు ఐదో ఏటో పదో ఏటో చూసే ఆరోగ్య ప్రమాణాన్ని, ఆ దశ ఎప్పుడో దాటిన మహిళలకూ పెట్టారు. పైకి అందరికీ ఒకటే నియమం, దెబ్బ మాత్రం ఒక వర్గానికే. ‘మాకు ఆ ఉద్దేశం లేదు’ అన్న సంజాయిషీ అక్కడ చెల్లదు.