గుమ్మంలో అడ్డు నిలబడ్డ ఆడపడుచు

కొత్త కోడలు గడప దగ్గరికి వచ్చేసరికి పెళ్లికొడుకు చెల్లెలు గుమ్మానికి అడ్డంగా చేయి చాపి నిలబడుతుంది. ఇద్దరూ పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వదు. పుట్టబోయే కూతుర్ని మా వాడికిస్తానని మాటివ్వమని కూడా కొన్ని ఇళ్లలో అడిగేవాళ్లు. ఇప్పుడదంతా వీడియోవాళ్ల కోసం రెండు టేకుల్లో అయిపోతోంది. 'నిన్నటిదాకా వీడు నావాడు' అని ఆ పిల్ల నలుగురి ముందూ చెప్పుకునే అవకాశం మాత్రం అదొక్కటే.

ఆడబిడ్డ అర్ధమొగుడు అని సామెత. కొత్త కోడళ్లను భయపెట్టడానికి వాడతాం గానీ, అక్కచెల్లెళ్ల అసూయను పెద్దలు దాచలేదనడానికి అదే సాక్ష్యం. దానికి రేటు కూడా కట్టారు: ఆడపడుచు కట్నం. దూరమవుతున్నది అన్న, పరిహారం కట్టేది పెళ్లికూతురి తండ్రి! ఇక ఆ కోడలికి ఆడపడుచు మీద మొదటిరోజే ప్రేమ పుట్టమంటే ఎక్కడ పుడుతుంది?

ఆస్తి దగ్గర కథ తిరగబడుతుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేసి. 2005లో కేంద్రం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. అయినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వాటా వదులుకుంటూ సంతకం పెట్టే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అడిగితే పుట్టిల్లు పోతుందని భయం. 'మన పిల్లల సంగతేంటి?' అంటాడు భర్త. అన్నా, మొగుడా అన్న టెన్షన్ ఇప్పుడు ఆవిడది. ఆ రోజు గుమ్మంలో చేయి చాపిందీ ఈవిడే.

మరి మగవాడు? చెల్లెలి ఫీజు ఫోన్‌పేలో పంపి మెసేజ్ డిలీట్ చేస్తాడు. అది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో బయటపడ్డ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. తనకు ఇష్టంలేని పనైతే చెల్లెలితో 'మీ వదిన ఒప్పుకోదే' అంటాడు, ఆ వదినకు అసలు సంగతే తెలియదు. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఆడిపోసుకుంటుంటే ఈయన టీవీ సౌండ్ పెంచుకుంటాడు. మనమేమో 'పాపం, మధ్యలో నలిగిపోతున్నాడు' అని జాలిపడతాం. నాకైతే ఆ జాలి లేదు.

రాఖీ రోజు చెల్లెలు ఇంటికొస్తుంది. అదే పూట భార్యకు తన అన్న దగ్గరికి వెళ్లాలని ఉంటుంది. కారు తాళాలు పట్టుకుని హాల్లో నిలబడ్డ ఆ పెద్దమనిషి ఇద్దరికీ ఒకే టైం చెబుతాడా, చెరొక టైం చెబుతాడా?