ఎంత బరువుకో రాయండయ్యా!

బెంగళూరులో మారతహళ్లి దగ్గర మాది మూడో అంతస్తు. హాల్లో పాప గెంతితే చాలు, ఘంటసాల ఎల్పీ రికార్డు తిరుగుతుండగా స్పీకర్‌లో మంద్ర స్వరాలు పలికే వూఫర్ కోన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊపు చెవికి వినబడదు, కంటికి కనబడుతుంది. అందుకే రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ కిందికీ, స్పీకర్ల కిందికీ అదురు ఆపుతాయని స్ప్రింగ్ పాదాలు కొన్నాను.

నాకు ఒళ్లు మండేది ఒక్కదానికే. ఒక్కో పాదం ఎన్ని కిలోలు మోయాలో నేను కొన్న డబ్బా మీద ఎక్కడా రాయలేదు. అసలు సంగతంతా బరువులోనే ఉంది! బరువుకి స్ప్రింగ్ 5 మిల్లీమీటర్లు కుంగితే దాని సహజ కంపనం, అంటే దానంతట అది ఊగే వేగం, సుమారు 7 హెర్ట్జ్ (సెకనుకి 7 సార్లు). దానికి 1.4 రెట్లు, అంటే 10 హెర్ట్జ్ దాటాకే అదురు తగ్గడం మొదలవుతుంది. 7 దగ్గరైతే ఆపకపోగా పెంచుతుంది. అడుగుల అదురు ఉండేది ఆ చుట్టుపక్కలే. ఇక బరువు మరీ ఎక్కువైతే స్ప్రింగ్ పూర్తిగా అణిగి రాయిలా కూర్చుంటుంది.

స్పీకర్ 18 కిలోలు, నాలుగు పాదాలకి తలా నాలుగున్నర అనుకున్నాను. కానీ వూఫర్ లాంటి, శబ్దం పుట్టించే డ్రైవర్ల బరువంతా ముందువైపే కదా, ముందు రెండూ అణిగిపోయి స్పీకర్ వాలింది. "ఏమండీ, పాప అక్కడే ఆడుతోంది" అని మా ఆవిడ అనగానే గుండె జారిపోయింది. వెంటనే తీసేశాను. షాపుకి ఫోన్ చేస్తే "పది రోజులు వాడండి సార్, సెట్ అయిపోతుంది" అంటాడు. ఏం సెట్ అవుతుంది?

చివరికి గోడకి బిగించిన చెక్క షెల్ఫ్ మీదికి టర్న్‌టేబుల్ మార్చాను. కోన్ ఊగడం ఆగింది. ఆ స్ప్రింగులు మాత్రం వాపసు తీసుకోరట, డబ్బా తెరిచానని.