కొన్నాక తెలిసే చందా

కారు కొన్నా, మోటారు సైకిలు కొన్నా, జ్వరం మాత్ర కొన్నా చెల్లించే ధరలో ముడిసరుకు, కూలి, ప్రకటన ఖర్చు, పన్ను ఉంటాయని అందరికీ తెలుసు. వాటి వెనుకనే రాజకీయ పార్టీకి వెళ్లే చందా కూడా నక్కి ఉండవచ్చన్న సంగతి అంకెలతో సహా బయటపడింది 2024 మార్చి 14న. ఇచ్చినవారి పేరు బయటికి తెలియకుండా స్టేట్ బ్యాంకులో కొని పార్టీలకు చందాగా ఇచ్చే ఎన్నికల బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధమని అంతకు నెల రోజుల ముందు, ఫిబ్రవరి 15న, సుప్రీంకోర్టు తీర్పు చెప్పి ఉండకపోతే వాటిని కొన్నవారి జాబితా ఆ బ్యాంకు బీరువాలు దాటేదే కాదు. మారుతీ సుజుకీ 20 కోట్ల రూపాయలు, సిప్లా 39 కోట్లు, మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సుమారు 80 కోట్లు వెచ్చించి బాండ్లు కొన్నాయని అప్పుడు తెలిసింది.

తెలిశాక వినియోగదారులు ఏం చేశారు? కొన్నాళ్లు పత్రికలు రాశాయి, పార్టీలు ఒకదానినొకటి తిట్టుకున్నాయి. ఫలానా కంపెనీ సరుకు ఇక కొనబోమని జనం అంగళ్లు మారిన దాఖలా మాత్రం మాకు కనబడలేదు. పోనీ, కంపెనీలపై కోపగించుకోవడం మనవారికి చేతకాదా అంటే, చేతకాకేం! 2020 అక్టోబరులో ముస్లిం ఇంట హిందూ కోడలికి సీమంతం చేస్తున్నట్లు చూపిన తనిష్క్ ప్రకటనపై రేగిన రభసకు ఆ సంస్థ దానిని వెనక్కి తీసుకుంది. అంతకు శతాబ్దం ముందు, 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యసించిన నాటి వందేమాతరం రోజుల్లోనే విదేశీ వస్తు బహిష్కరణ ఆంధ్రులకు అలవడింది. అలాంటి చోట, నిమిషమైనా నిడివి లేని ప్రకటనకు కలిగిన ఆగ్రహం వందల కోట్ల చందాకు కలగకపోవడాన్ని ఉదాసీనత అని కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది.

అసలు బాండ్లను అత్యధికంగా కొన్నవారెవరో చూడండి. మొదటి స్థానంలో ఉన్న ఫ్యూచర్ గేమింగ్ 1,368 కోట్ల రూపాయల బాండ్లు కొన్నది. అది లాటరీ సంస్థ; రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లాటరీలు నిషిద్ధం. రెండో స్థానంలో 966 కోట్లతో నిలిచిన హైదరాబాదు సంస్థ మేఘా ఇంజినీరింగ్ ఎత్తిపోతల పథకాలు, సొరంగాలు కడుతుంది. దాని ప్రధాన ఖాతాదారు ప్రభుత్వమే. దానిని బహిష్కరించదలచిన పౌరుడు ఏ కాలువ నీళ్లు తాగడం మానాలి? మందుల సంగతి మరీ విచిత్రం: ఏ కంపెనీ మాత్ర వేసుకోవాలో వైద్యుడు రాస్తాడు, రోగి కొంటాడు. ఇక చందాలు ఒక్క పార్టీకే పోయాయా అంటే అదీ కాదు. బీజేపీకి ఆరు వేల కోట్లకు పైగా, తృణమూల్‌కు 1,600 కోట్లు, బీఆర్ఎస్‌కు 1,200 కోట్లు, వైసీపీ, టీడీపీలకు వందల కోట్లు దక్కాయి. కేంద్రంలో ఒకరికి, రాష్ట్రంలో మరొకరికి ముట్టజెప్పిన కంపెనీలున్నప్పుడు, ఒక దుకాణం మాని పక్క దుకాణానికి వెళ్లి సాధించేదేమిటి?

అయినా వినియోగదారుడి కోపానికి బలం లేదని మేము అనడం లేదు. వేళకు తెలిస్తే ఉంటుంది. ఎన్నికల్లో కంపెనీలు తమ సొమ్ముతో ప్రచారం చేయవచ్చని 2010 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ఖర్చును వెల్లడించి తీరాలన్న నిబంధనను అక్కడి మిన్నెసోటా రాష్ట్ర చట్టసభ ఆ ఏడాదే తెచ్చింది. అందువల్లనే, మినియాపొలిస్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న టార్గెట్ దుకాణాల సంస్థ గవర్నరు అభ్యర్థి టామ్ ఎమ్మర్‌ను బలపరిచే సంఘానికి లక్షా 50 వేల డాలర్ల విలువైన సాయం చేసిందన్న విషయం పోలింగుకు మూడు నెలల ముందే బయటికి వచ్చింది. స్వలింగ వివాహాలను వ్యతిరేకించే అభ్యర్థికి తమ సంస్థ అండగా నిలవడమేమిటని ఉద్యోగులు, ఖాతాదారులు నిలదీశారు. ఆగస్టులో సంస్థ అధిపతి గ్రెగ్ స్టైన్‌హాఫెల్ ఉద్యోగులకు లేఖ రాసి విచారం వ్యక్తం చేశారు. నవంబరులో ఎమ్మర్ తొమ్మిది వేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఈ వివాదమే అందుకు కారణమని ఎవరూ చెప్పలేరు, చెప్పనక్కరలేదు కూడా. ఓటు వేసే లోపు ప్రశ్నించే వీలు అక్కడి జనానికి దొరికింది. ఆ కోపం కలకాలం నిలుస్తుందన్న భ్రమ కూడా అక్కర్లేదు. 2020 అధ్యక్ష ఎన్నికల ఫలితాలను ఒప్పుకోని అమెరికా చట్టసభ సభ్యులకు చందాలు ఇస్తున్నందుకు విమర్శలపాలై 2021 జులైలో వాటిని ఆపేసిన టయోటా, మరుసటి ఏడాదే మళ్లీ మొదలుపెట్టింది.

మన దగ్గర బాండ్లు పోయాయి, తెర పూర్తిగా తొలగలేదు. కంపెనీల చందాలను పోగుచేసి పార్టీలకు పంచే, 2013 నాటి పథకం కింద నడిచే ఎలక్టోరల్ ట్రస్టులు తమకు ఎవరు ఎంత ఇచ్చారో, తాము ఏ పార్టీకి ఎంత ఇచ్చామో ఎన్నికల సంఘానికి చెబుతాయి. ఎవరి సొమ్ము ఎవరికి చేరిందో మాత్రం ఆ పద్దుల్లో కనబడదు. కుండలో కలిసిన పాలను వేరుచేయడం ఎవరి తరం? పేర్లు బయటపడితే ప్రత్యర్థి పార్టీలు కక్ష సాధిస్తాయని కంపెనీలు చెప్పే మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ భయానికి విరుగుడుగా ఓటరు సమాచార హక్కును బలిపెట్టడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. ఇదే తీర్పుతో, మూడేళ్ల సగటు నికర లాభంలో ఏడున్నర శాతానికి మించి చందా ఇవ్వరాదన్న పాత పరిమితి కూడా తిరిగి వచ్చింది.

బ్రిటన్‌లో ఏడాదికి 5 వేల పౌండ్లు మించిన రాజకీయ విరాళానికి కంపెనీ వాటాదారుల ఆమోదం తప్పనిసరి. పార్టీలు మూడు నెలలకొకసారి, సార్వత్రిక ఎన్నికల వేళ వారానికొకసారి విరాళాల లెక్క చెప్పాలి. ఇక్కడ బోర్డు తీర్మానం ఉంటే చాలు, పార్టీల నివేదిక ఏడాదికి ఒక్కసారి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓటర్లు బారులు తీరిన రోజుకు ముందు, ఆ ఏప్రిల్, మే నెలల్లో కంపెనీలు ఇచ్చిన చందాలు 2024-25 లెక్కల్లోకి చేరాయి. అవి జనం ముందుకు వచ్చేసరికి కొత్త ప్రభుత్వానికి ఏడాది నిండిపోయింది. ఇరవై వేల రూపాయలు దాటిన ప్రతి కంపెనీ చందాను, ట్రస్టు ద్వారా వెళ్లినదైతే ఆ కంపెనీ పేరుతో సహా, అందిన నెలలోగా, ఎన్నికల ప్రకటన వెలువడ్డాక వారంలోగా ఎన్నికల సంఘం ప్రచురించేలా ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని పార్లమెంటు సవరించాలి.