18 అడుగుల కేబులుతో ఎస్‌డబ్ల్యూఆర్ బాగుపడదు

అమెరికా హైవేలపై ట్రక్కులు నడిపేవారిలో, తక్కువ దూరాలకు మాట్లాడుకునే సీబీ రేడియో సరదా ఉన్నవారిలో ఒక సలహా చాలాకాలంగా చలామణీలో ఉంది. సిగ్నలు శక్తిని పెంచే యాంప్లిఫయర్ తగిలించాక ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తి యాంటెన్నాలోకి పోకుండా ఎంత వెనక్కి తిరిగివస్తోందో చూపే కొలత; 1:1 అయితే ఏమీ తిరిగిరానట్టు) ఎక్కువగా కనిపిస్తే, రేడియోను యాంటెన్నాకు కలిపే కోయాక్స్ కేబులును సరిగ్గా 18 అడుగులకు కోయాలని, మీటరు ముల్లు దిగితే యాంటెన్నా కుదిరినట్టేనని, ఆపై యాంప్లిఫయర్ ఎంత పెద్దదైతే మాట అంత దూరం పోతుందని దాని సారాంశం. ఇందులో ఒక్క ముక్క కూడా నిలవదు.

ముందు 18 అడుగుల సంగతి. సీబీ బ్యాండు 26.965 నుంచి 27.405 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది కాబట్టి తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు, అందులో సగం 18 అడుగులు. అర తరంగం పొడవున్న కేబులు యాంటెన్నా ఇంపిడెన్సును (కరెంటుకు అది చూపే అడ్డును) ఉన్నదున్నట్టు రేడియో దగ్గర చూపిస్తుందన్నది నిజమే గాని, ఆ 18 అడుగులు గాలిలో లెక్క. గట్టి పాలిథిలీన్ ఇన్సులేషను ఉన్న ఆర్‌జీ-58 వంటి కేబులులో తరంగం వేగం 66 శాతానికి పడిపోతుంది కనుక అర తరంగం 12 అడుగులకే పూర్తవుతుంది. 18 అడుగులకు ముప్పావు తరంగమై, ఇంపిడెన్సును తలకిందులు చేసి చూపిస్తుంది. సలహా తన సొంత లెక్కకే నిలవలేదన్నమాట. (బండి లోహపు బాడీ గ్రౌండుగా అక్కర్లేదంటూ కేబులుతో కలిపి అమ్మే యాంటెన్నాల మాట వేరు. వాటిలో కేబులు పొడవు డిజైనులో భాగం, దానిని కోయనే కూడదు.)

“అయినా కోస్తే తగ్గింది కదా” అంటారు. 50 ఓముల కేబులు పొడవు మారినంత మాత్రాన, కేబులు నష్టం వల్ల వచ్చే కొద్దిపాటి తేడా తప్ప, ఎస్‌డబ్ల్యూఆర్ మారకూడదు. గట్టిగా మారుతోందంటే కేబులులోని లోహపు అల్లిక వెలుపలి వైపు కూడా కరెంటు పారుతోందని, అంటే కేబులే యాంటెన్నాలో భాగమైపోయిందని అనుమానించాలి. దీనికి మూలం తరచుగా యాంటెన్నాను బండికి బిగించే మౌంటు దగ్గరే దొరుకుతుంది: పెయింటు గీకకుండా బిగించిన బోల్టు, తుప్పు పట్టిన అద్దం బ్రాకెట్టు, లేదా లోహమే లేని ఫైబర్‌గ్లాస్ బాడీ. మల్టీమీటరు ఒక మొనను మౌంటుకు, రెండవదానిని చాసిస్ మీద శుభ్రమైన లోహానికి ఆనించి చూస్తే మొదటి రెండూ బయటపడతాయి. అది సరిచేశాక, యాంప్లిఫయర్‌ను పూర్తిగా విప్పి పక్కన పెట్టి, 1, 20, 40 ఛానెళ్లలో కొలవాలి. 1లో ఎక్కువ చూపిస్తే యాంటెన్నా కడ్డీ పొట్టిది, 40లో ఎక్కువైతే పొడుగుది. సవరించవలసింది ఆ కడ్డీని. రేడియోకు, యాంప్లిఫయర్‌కు నడుమ మీటరు పెట్టి యాంటెన్నాను నిందించేవారు నిజానికి కొలుస్తున్నది యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌ను.

ముల్లు దిగితే యాంటెన్నా మంచిదన్న మాటకు డమ్మీ లోడు (యాంటెన్నాకు బదులు తగిలించే, శక్తిని వేడిగా మార్చేసే రెసిస్టరు) ఒక్కటే చాలిన జవాబు: ఎస్‌డబ్ల్యూఆర్ 1:1, బయటికి వెళ్లే సిగ్నలు దాదాపు సున్న.

ఇక పెద్ద యాంప్లిఫయర్. అమెరికాలో రేడియో ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ నిబంధనలు సీబీకి దానిని అసలు అనుమతించవు. ఏఎం పద్ధతి ప్రసారానికి 4 వాట్లే పరిమితి. ఆ సంగతి అటుంచినా, 4 వాట్లను 100 చేస్తే పెరిగేది 14 డెసిబెల్లు, అంటే అవతలివారి మీటరు మీద రెండు ఎస్-యూనిట్లకు (సిగ్నలు బలాన్ని చూపే మెట్లకు) కాస్త ఎక్కువ. అవతలివారి మాట మనకు వినిపించడం మాత్రం పెరగదు. సగం సామర్థ్యంతో పనిచేసే యాంప్లిఫయర్ 100 వాట్లకు 13.8 వోల్టుల వద్ద సుమారు 14.5 ఆంపియర్లు లాగుతుంది. సన్నని వైరు మీద వోల్టేజి పడిపోయి గొంతు బొంగురుపోతే, ఆ తప్పు కూడా యాంటెన్నా నెత్తినే పడుతుంది.